సింపుల్ పాస్టా, పాస్ట్ కంటిన్యువసా? పాఠకుల సందేహాలకు జవాబులు

ఈ శీర్షికకు ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే సందేహాన్ని ప్రస్తావించాయి. జరిగిపోయిన సంగతిని ఇంగ్లీషులో చెప్పేటప్పుడు ‘ఐ వర్క్డ్’ అనాలా, ‘ఐ వాజ్ వర్కింగ్’ అనాలా? మొదటిదానిని సింపుల్ పాస్ట్ అనీ, రెండవదానిని పాస్ట్ కంటిన్యువస్ అనీ మనం బడిలో నేర్చుకున్నాం. కొన్ని పుస్తకాలు రెండవదానినే పాస్ట్ ప్రోగ్రెసివ్ అంటాయి. పేరు వేరు తప్ప విషయం ఒకటే. ఉత్తరాలన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉన్నందువల్ల ఈ నెల జవాబులన్నిటినీ ఈ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: పని ఎక్కువసేపు జరిగితే కంటిన్యువస్ వాడాలని, తొందరగా అయిపోతే సింపుల్ వాడాలని మాకు ఇంటర్మీడియెట్‌లో చెప్పారు. కానీ చరిత్ర పుస్తకంలో శ్రీకృష్ణదేవరాయలు ఇరవై ఏళ్ళు పాలించాడన్న చోట ‘రూల్డ్’ అని ఉంది, ‘వాజ్ రూలింగ్’ అని లేదు. ఇరవై ఏళ్ళు తక్కువ కాలమా? దేన్ని నమ్మమంటారు? (డిగ్రీ విద్యార్థిని, తెనాలి)

జవాబు: చరిత్ర పుస్తకాన్నే నమ్మండి. పని ఎంతసేపు జరిగిందన్న లెక్కను బట్టి ఇంగ్లీషులో ఈ రెండు రూపాలలో ఒకదానిని ఎంచుకోరు. మీకు చెప్పిన సూత్రం మన తరగతి గదులలో చాలాకాలంగా చెలామణిలో ఉన్నా, దానిని పట్టుకుని రాస్తే తప్పులే ఎక్కువ వస్తాయి. కృష్ణదేవరాయలు 1509 నుంచి 1529 వరకు పాలించాడు. ఆ ఇరవై ఏళ్ళకూ ‘రూల్డ్’ అన్న ఒక్క మాట చాలు. ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోసం 1952లో పొట్టి శ్రీరాములు గారు 58 రోజులు నిరాహార దీక్ష చేసి ప్రాణాలు విడిచారు. అంత సుదీర్ఘమైన దీక్షను కూడా ‘హీ ఫాస్టెడ్ ఫర్ ఫిఫ్టీ ఎయిట్ డేస్’ అనే రాయాలి. మరోవైపు, తలుపుకు తాళం వెయ్యడానికి కొన్ని క్షణాలే పడుతుంది. అయినా ‘ఐ వాజ్ లాకింగ్ ద డోర్ వెన్ ద ఫోన్ ర్యాంగ్’ అన్న వాక్యంలో ఏ దోషమూ లేదు.

అసలు తేడా పని పొడవులో లేదు, మాట్లాడే మనిషి ఆ పనిని ఎక్కడినుంచి చూస్తున్నాడన్నదానిలో ఉంది. ప్లాట్‌ఫారం మీద నిలబడినవారికి ఇంజను మొదలుకొని చివరి బోగీ వరకు రైలు మొత్తం కళ్ళ ముందునుంచి సాగిపోవడం కనిపిస్తుంది. ఆ రైలులోనే కూర్చున్నవారికి మొదలూ కనిపించదు, చివరా కనిపించదు. తాము రైలులో ఉన్నామని, అది నడుస్తోందని మాత్రమే తెలుస్తుంది. జరిగినదానిని మొదటిచోటునుంచి చూసి చెబితే సింపుల్ పాస్ట్, రెండవచోటునుంచి చూసి చెబితే పాస్ట్ కంటిన్యువస్. రైలు పొడవు ఎంతైనా ఈ తేడా మారదు.

ఈ సంగతి మనసుకు పట్టించుకుంటే మిగిలిన సూత్రాలలో చాలావాటిని కంఠస్థం చెయ్యనక్కరలేదు. పని మొత్తాన్ని కొలిచి చెప్పే మాట వాక్యంలో ఉంటే, అంటే ఇరవై ఏళ్ళు, 58 రోజులు, మూడుసార్లు, నలభై పేజీలు అన్నటువంటిది ఉంటే, మీరు రైలు బయట ఉన్నారన్నమాట. లోపల కూర్చున్నవారు మొత్తాన్ని కొలవలేరు. అందుకే ‘ఐ రెడ్ ఫార్టీ పేజెస్ లాస్ట్ నైట్’ అంటారు గాని ‘ఐ వాజ్ రీడింగ్ ఫార్టీ పేజెస్’ అనరు. వాక్యంలో గాని, అంతకుముందు వాక్యంలో గాని ఒక క్షణం గుర్తుగా నిలిచి ఉండి, ఆ క్షణానికి పని ఇంకా నడుస్తూ ఉంటే కంటిన్యువస్ వాడాలి. తాళం వేస్తున్న వాక్యంలో ఫోను మోగడమే ఆ గుర్తు. న్యాయస్థానంలో సాక్షిని ‘రాత్రి తొమ్మిది గంటలకు మీరేం చేస్తున్నారు?’ అని అడగాలంటే ‘వాట్ వర్ యు డూయింగ్ యాట్ నైన్?’ అంటారు. దానికి బదులు ‘వాట్ డిడ్ యు డూ యాట్ నైన్?’ అంటే, తొమ్మిది కొట్టాక మీరేం చేశారని అడిగినట్టవుతుంది. సాక్షి చెప్పవలసిన జవాబే మారిపోతుంది.

మరొక పర్యవసానం కూడా ఉంది, దీనిని మన పుస్తకాలు తగినంతగా చెప్పవు. లోపలినుంచి చూసేవారికి చివర కనిపించదు కనుక, పని పూర్తయిందని కంటిన్యువస్ హామీ ఇవ్వదు. ‘ఐ రెడ్ ఎ నావెల్ లాస్ట్ నైట్’ అంటే నవల చదవడం అయిపోయిందని వినేవారు అనుకుంటారు. ‘ఐ వాజ్ రీడింగ్ ఎ నావెల్’ అంటే సగంలో నిద్రపోయి ఉండవచ్చు. ‘హీ వాజ్ డ్రౌనింగ్’ అన్న వాక్యం తరువాత ఎవరో దూకి అతన్ని రక్షించారని చెప్పవచ్చు. ‘హీ డ్రౌన్డ్’ అన్నాక ఇక రక్షించడానికి ఎవరూ మిగలరు. ప్రాణం ఉండటానికీ పోవడానికీ మధ్య ఉన్న దూరం ఇక్కడ క్రియారూపం ఒక్కటే మోస్తోంది. అందుకే ఇది కేవలం పరీక్షలో మార్కుల విషయం కాదని పట్టుబట్టి చెబుతున్నాను.

రెండూ చెల్లే చోట్లు కూడా ఉన్నాయి. ‘ఇట్ రెయిన్డ్ ఆల్ నైట్’, ‘ఇట్ వాజ్ రైనింగ్ ఆల్ నైట్’ అన్న రెండూ సరైనవే. మొదటిది జరిగిన సంగతిని నివేదిస్తుంది, రెండవది ఆ రాత్రంతా వాన శబ్దం వింటూ మేలుకున్నవారి మాటలా వినిపిస్తుంది.

ప్రశ్న: ఉద్యోగం ఇంటర్వ్యూలో ‘ఐ వాజ్ వర్కింగ్ ఇన్ దట్ కంపెనీ ఫ్రమ్ 2018 టు 2021’ అని చెప్పాను. నా రెజ్యూమెలోనూ అలాగే ఉంది. అమెరికాలో ఉన్న స్నేహితుడు చూసి మార్చమన్నాడు. ఇది నిజంగా తప్పా? (సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, హైదరాబాద్)

జవాబు: మీ మాట అర్థం కాకుండా పోదు, కానీ ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారి చెవికి అది ముగియని వాక్యంలా వినిపిస్తుంది. ‘ఐ వాజ్ వర్కింగ్’ అనగానే ‘అలా పనిచేస్తుండగా ఏం జరిగింది?’ అని వారు ఎదురుచూస్తారు. మీరు అక్కడితో ఆగిపోతే ఏదో వెలితి మిగులుతుంది. 2018లో మొదలై 2021లో ముగిసిన ఉద్యోగానికి రెండు కొసలూ మీరే చెబుతున్నారు కనుక ‘ఐ వర్క్డ్’ అనడమే సరైన పద్ధతి. చదువుకూ ఇదే వర్తిస్తుంది: ‘ఐ డిడ్ మై బీటెక్ ఇన్ కాకినాడ’ అనండి, ‘ఐ వాజ్ డూయింగ్’ అనకండి.

రెజ్యూమెలో ఇది మరింత ముఖ్యం. ‘ఐ వాజ్ టెస్టింగ్ ద పేమెంట్స్ మాడ్యూల్’ అని రాస్తే మీరు ఆ పనిలో ఉన్నారని మాత్రమే తెలుస్తుంది, దానిని ముగించారో లేదో తెలియదు. ‘టెస్టెడ్’, ‘డిజైన్డ్’, ‘ట్రెయిన్డ్’ అన్నప్పుడు మీరు పూర్తిచేసిన పని కనిపిస్తుంది. మీరు కష్టపడి ముగించిన పనిని సగంలో ఉన్నట్టు మీరే చూపించుకోవడం ఎందుకు?

కంటిన్యువస్ అక్కరకు వచ్చే సందర్భం ఇంటర్వ్యూలో వేరే ఉంది. ఒక సమస్యను ఎలా ఎదుర్కొన్నారో చెప్పమన్నప్పుడు, ‘వి వర్ టెస్టింగ్ ద ఫైనల్ బిల్డ్ వెన్ ద క్లయింట్ చేంజ్డ్ ద రిక్వైర్‌మెంట్స్’ అని మొదలుపెట్టవచ్చు. అక్కడ పరీక్షించడం నేపథ్యం, క్లయింటు మాట మార్చడం సంఘటన. అలాగే కొద్దికాలం మాత్రమే ఉన్న పరిస్థితిని చెప్పడానికి ‘దట్ ఇయర్ ఐ వాజ్ వర్కింగ్ ఇన్ పుణె’ అనడం కూడా సబబే. అది మీ స్థిరమైన ఏర్పాటు కాదన్న సూచన అందులోనే ఉంటుంది. ఇప్పటికీ అదే ఉద్యోగంలో ఉంటే ఈ రెండు రూపాలూ పనికిరావు, ‘ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ సిన్స్ 2021’ అనవలసి వస్తుంది.

ప్రశ్న: అమెరికాలో పుట్టి పెరిగిన మా మనవరాలికి నా చిన్ననాటి సంగతులు ఇంగ్లీషులో రాసి పంపుతుంటాను. ‘మేము రోజూ కృష్ణకు వెళ్ళి స్నానం చేసేవాళ్ళం’ అన్నదానిని ‘వి వర్ గోయింగ్ టు ద రివర్ ఎవ్రీ డే’ అని రాస్తే, అమ్మాయి ‘యూజ్డ్ టు గో’ అని దిద్ది పంపింది. చేసేవాళ్ళం అంటే చేస్తూ ఉండటమే కదా, అందులో తప్పేముంది? (విశ్రాంత ఉద్యోగి, విజయవాడ)

జవాబు: మీ మనవరాలు దిద్దినది సరిగానే ఉందండీ. మన వ్యాకరణంలో భూత, వర్తమాన, భవిష్యత్ కాలాలతో పాటు తద్ధర్మం అని ఒకటి చదువుకున్నాం, గుర్తుండే ఉంటుంది. ఒక పని ఎవరికైనా అలవాటని, స్వభావమని చెప్పే రూపం అది. ‘చేసే’ అన్న తద్ధర్మ విశేషణం మీద ‘వాళ్ళం’ చేరి ‘చేసేవాళ్ళం’ అయింది. కనుక మీ తెలుగు వాక్యం చెబుతున్నది గడిచిన కాలపు అలవాటును. ఫలానా క్షణంలో మీరు దారిలో ఉన్నారని అది చెప్పడం లేదు. ‘వి వర్ గోయింగ్ టు ద రివర్’ అంటే మాత్రం మీరు ఒకానొక రోజున, ఒకానొక వేళ, దారిలో నడుస్తూ ఉన్నారని అర్థం. దానికి ‘ఎవ్రీ డే’ తగిలిస్తే అలవాటు బలపడదు. ఆ కొద్ది రోజులకే అలా వెళ్ళేవారని, మామూలుగా వెళ్ళేవారు కాదని చదివేవారు అనుకునే అవకాశం ఉంది.

మన తెలుగువారు ఇంగ్లీషు రాసేటప్పుడు పాస్ట్ కంటిన్యువస్‌ను అవసరానికి మించి వాడటానికి ఈ ‘చేసేవాడు, చేసేది, చేసేవాళ్ళం’ రూపాలే పెద్ద కారణమని నా అభిప్రాయం. తెలుగులో వీటికి ప్రత్యేకమైన స్థానం ఉంది కనుక, ఇంగ్లీషులో సింపుల్ పాస్ట్ కంటే భిన్నంగా కనిపించే రూపం ఏదైనా వాడాలని మనసు వెతుకుతుంది, చేతికి దగ్గరలో ‘వాజ్’, ‘వర్’ దొరుకుతాయి. నిజానికి ఇంగ్లీషువారు ఈ అలవాటును మామూలు సింపుల్ పాస్ట్‌తోనే చెప్పగలరు: ‘వి వెంట్ టు ద రివర్ ఎవ్రీ డే’ నూటికి నూరుపాళ్ళు సరైనది. ఇప్పుడు ఆ అలవాటు లేదన్న సంగతి కూడా ధ్వనించాలంటే ‘యూజ్డ్ టు గో’ మేలు. జ్ఞాపకాలను వరసగా చెప్పుకుపోయేటప్పుడు మొదటి వాక్యంలో ‘యూజ్డ్ టు’ వాడి, తరువాతి వాక్యాలలో ‘వుడ్’ వాడటం అందంగా ఉంటుంది: ‘అవర్ మదర్ వుడ్ వెయిట్ ఆన్ ద స్టెప్స్ విత్ డ్రై క్లోత్స్.’ అయితే ‘వుడ్’ చేసే పనులకే గాని ఉండే స్థితులకు పనికిరాదు. రేవు దగ్గర మర్రిచెట్టు ఉండేదని చెప్పాలంటే ‘దేర్ యూజ్డ్ టు బి ఎ బనియన్ ట్రీ’ అనాలి.

అలవాటును కంటిన్యువస్‌లో చెప్పే సందర్భం ఒకటుంది. ‘ఆల్వేస్’ అన్న మాటతో కలిపి, ఆ అలవాటు మీద విసుగునో ముచ్చటనో వ్యక్తం చెయ్యవచ్చు. ‘మై గ్రాండ్‌ఫాదర్ వాజ్ ఆల్వేస్ లెండింగ్ మనీ’ అంటే అడిగినవారికల్లా అప్పులిస్తూనే ఉండేవారన్న నిట్టూర్పు అందులో వినిపిస్తుంది. మీ ఉత్తరాలలో అటువంటి పెద్దవారు ఎవరైనా ఉంటే నిరభ్యంతరంగా వాడండి.

ప్రశ్న: మా పిల్లలు తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారు. ‘నిన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను వంట చేస్తున్నాను’ అన్నదానిని ‘వెన్ యు కాల్డ్ ఎస్టర్‌డే, ఐ యామ్ కుకింగ్’ అని రాస్తున్నారు. ఎంత చెప్పినా ‘యామ్’ పోవడం లేదు. ‘వెన్’ తరువాత సింపుల్, ‘వైల్’ తరువాత కంటిన్యువస్ అన్న సూత్రం నేర్పితే చాలా? (ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలు, ఆదిలాబాద్ జిల్లా)

జవాబు: పిల్లలు అజాగ్రత్త వల్ల ‘యామ్’ రాయడం లేదు, టీచరు గారూ, వారు తమ తెలుగును నమ్మి రాస్తున్నారు. మనం ‘ఇప్పుడు వంట చేస్తున్నాను’ అంటాం, ‘నిన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు వంట చేస్తున్నాను’ అనీ అంటాం. రెండు వాక్యాలలో క్రియ ఒక్క అక్షరం కూడా మారలేదు. ‘ఉన్నాను’ అన్న మాటే అంత: ఇప్పుడు ఇంట్లో ఉన్నాను, నిన్న కూడా ఇంట్లోనే ఉన్నాను. కాలం చెప్పే బాధ్యతను తెలుగు ‘నిన్న’, ‘అప్పుడు’ వంటి మాటలకు వదిలేస్తుంది. ఇంగ్లీషు అలా వదలదు, క్రియలోనే ‘యామ్’, ‘వాజ్’ అని తేల్చి చెప్పమంటుంది. ఈ సంగతిని మీరు ఒక్కసారి నల్లబల్ల మీద రెండు తెలుగు వాక్యాలు పక్కపక్కన రాసి చూపించండి. తాము తప్పు చేస్తున్నామని వంద సార్లు వినడం కంటే, తమ భాష ఎక్కడ వేరుగా నడుస్తోందో ఒకసారి కళ్ళతో చూడటం పిల్లలకు ఎక్కువ మేలు చేస్తుంది.

ఇక ‘వెన్’, ‘వైల్’ సూత్రం సగమే నిజం. ‘వైల్’ తరువాత కంటిన్యువస్ తరచుగా వస్తుంది గాని తప్పనిసరి కాదు; ‘వైల్ ఐ స్లెప్ట్, ద రెయిన్ స్టాప్డ్’ అన్నదీ, ‘వైల్ ఐ వాజ్ ఇన్ వరంగల్’ అన్నదీ సరైన ఇంగ్లీషే. ‘వెన్’ అయితే రెండిటితోనూ కలుస్తుంది. అందువల్ల ఆ చిన్న మాటలను చూసి రూపాన్ని నిర్ణయించమంటే పిల్లలు ఖాళీలు పూరించగలరేమో గాని సొంతంగా ఒక పేరా రాయలేరు.

అర్థం వైపునుంచి వెళ్ళడానికి మన భాషలోనే చక్కని సాధనాలున్నాయి. ఈ మూడు వాక్యాలు చూడండి. ‘నేను తరగతిలోకి వెళ్ళేసరికి పిల్లలు నిలబడి ఉన్నారు.’ ‘నేను వెళ్ళగానే పిల్లలు లేచి నిలబడ్డారు.’ ‘నేను వెళ్ళేసరికి పిల్లలు వెళ్ళిపోయారు.’ మొదటిది ‘వెన్ ఐ ఎంటర్డ్, ద చిల్డ్రన్ వర్ స్టాండింగ్’. వారు అప్పటికే నిలబడి ఉన్నారు, బహుశా ఎవరో శిక్షించి ఉంటారు. రెండవది ‘వెన్ ఐ ఎంటర్డ్, ద చిల్డ్రన్ స్టుడ్ అప్’. మిమ్మల్ని చూసి మర్యాదగా లేచారు. మూడవది ‘వెన్ ఐ ఎంటర్డ్, ద చిల్డ్రన్ హ్యాడ్ లెఫ్ట్’. మీరు ఆలస్యంగా వచ్చారు. మూడిటిలోనూ ‘వెన్ ఐ ఎంటర్డ్’ మారలేదు, మారింది రెండవ సగం ఒక్కటే. పిల్లలు తామే లేచి, నిలబడి, బయటకు వెళ్ళి ఈ మూడు వాక్యాలనూ నటించి చూపితే ఆ తేడా ఇక మరచిపోరు. తెలుగు పాఠంలో వారు చదువుకున్న శత్రర్థకాన్ని కూడా ఇక్కడ గుర్తుచెయ్యవచ్చు. ‘చదువుతూ’, ‘నడుస్తూ’, ‘వస్తుండగా’ అని తెలుగులో చెప్పాలనిపించిన పని ఇంగ్లీషులో చాలావరకు కంటిన్యువస్‌కే చెందుతుంది. ‘చదివి’, ‘నడిచి’, ‘వచ్చి’ అని క్త్వార్థకంలో వరుసగా పేర్చగల పనులు సింపుల్ పాస్ట్‌కు చెందుతాయి.

పేరా రాయించేటప్పుడు పిల్లలకు తెలిసిన చోటునే తీసుకోండి. మీ జిల్లాలో ఏటా పుష్యమాసంలో కేస్లాపూర్‌లో జరిగే నాగోబా జాతరను ఎంతమందో చూసి ఉంటారు. దాని గురించి ఇలా మొదలుపెట్టవచ్చు: ‘పీపుల్ వర్ కుకింగ్ అండర్ ద ట్రీస్. మెన్ వర్ బీటింగ్ డ్రమ్స్. వి వర్ లుకింగ్ ఫర్ అవర్ కార్ట్.’ ఆ తరువాత: ‘సడన్లీ ద లైట్స్ వెంట్ అవుట్. మై బ్రదర్ లెట్ గో ఆఫ్ మై హ్యాండ్. ఐ షౌటెడ్ హిజ్ నేమ్.’ ఇప్పుడు మొదటి మూడు వాక్యాల వరుసను తారుమారు చేసి చదవమనండి. డప్పులు ముందు వచ్చినా, వంటలు ముందు వచ్చినా కథకు ఏమీ కాదు, ఎందుకంటే అవన్నీ ఒకే సమయంలో సాగుతున్నాయి. తరువాతి మూడు వాక్యాలను తారుమారు చెయ్యమనండి. తమ్ముడి పేరు పెట్టి అరిచాక దీపాలు ఆరిపోతే అది వేరే కథ అవుతుంది. వరుస మార్చినా కథ మారని వాక్యాలకు కంటిన్యువస్, మార్చగానే కథ మారిపోయే వాక్యాలకు సింపుల్ పాస్ట్: పదేళ్ళ పిల్లలు కూడా చేసి చూసుకోగల పరీక్ష ఇది, నా దృష్టిలో ‘వెన్’, ‘వైల్’ సూత్రం కంటే ఎంతో నమ్మదగినది. పేరా అంతా ‘వాజ్’, ‘వర్’లతో నింపేసే పిల్లలకు కథ ఎందుకు కదలడం లేదో కూడా దీనితో తెలిసివస్తుంది.

ప్రశ్న: నేను బ్రిటన్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. డ్యూటీ మారేటప్పుడు రాసే నోట్స్‌లో ‘ద పేషెంట్ వాజ్ హ్యావింగ్ ఫీవర్’ అని రాస్తే సీనియర్ నర్సు ‘హ్యాడ్’ అని దిద్దారు. ఫోనులో ‘ఐ వాజ్ నాట్ హియరింగ్ యు’ అన్నా వింతగా చూస్తున్నారు. కానీ మూర్ఛ వచ్చినప్పుడు వారే ‘వాజ్ హ్యావింగ్ ఎ సీజర్’ అని రాస్తారు. ఈ తేడా ఏమిటి? (నర్సు, బర్మింగ్‌హామ్)

జవాబు: కొన్ని క్రియలు చేసే పనిని చెప్పవు, ఉన్న స్థితిని చెబుతాయి. తెలిసి ఉండటం, కలిగి ఉండటం, నమ్మడం, ఇష్టపడటం, వినబడటం, కనబడటం వంటివి ఈ కోవలోకి వస్తాయి. స్థితికి మధ్యలో, చివర అన్న భాగాలు ఉండవు కనుక ఇంగ్లీషు వాటిని మామూలుగా కంటిన్యువస్‌లో పెట్టదు. మనకు ఇది కష్టంగా ఉండటానికి కారణం ఉంది. తెలుగులో ‘వినిపిస్తోంది’, ‘కనిపిస్తోంది’, ‘అర్థమవుతోంది’ అనడం పూర్తిగా సహజం. వాటిని యథాతథంగా ఇంగ్లీషులోకి తీసుకువెళితే ‘ఐ వాజ్ నాట్ హియరింగ్’, ‘ఐ వాజ్ అండర్‌స్టాండింగ్’ అన్నవి తయారవుతాయి. మీ మాట వినిపించలేదని చెప్పడానికి ‘ఐ కుడ్ నాట్ హియర్ యు’ అనండి. రోగి మీకు ముందే తెలుసని చెప్పడానికి ‘ఐ న్యూ హిమ్’ చాలు.

‘హ్యావ్’ అన్న క్రియకు రెండు ముఖాలున్నాయి. జ్వరం ఉండటం, కారు ఉండటం స్థితులు. అక్కడ ‘హ్యాడ్’ తప్ప మరొకటి కుదరదు. భోజనం చెయ్యడం, స్నానం చెయ్యడం, మూర్ఛ రావడం వంటివి మొదలై, కొంతసేపు సాగి, ముగిసే ఘటనలు. అక్కడ ‘వాజ్ హ్యావింగ్’ చక్కగా కుదురుతుంది. మీరు గదిలోకి వెళ్ళిన క్షణానికి మూర్ఛ ఇంకా సాగుతూ ఉంటే ‘వాజ్ హ్యావింగ్ ఎ సీజర్’ అని, రెండు గంటల పది నిమిషాలకు వచ్చి తగ్గిపోయిందని నమోదు చేసేటప్పుడు ‘హ్యాడ్ ఎ సీజర్’ అని రాయాలి.

మీ వృత్తిలో ఈ విషయానికి మరింత బరువు ఉంది. ‘ఐ గేవ్ ద ఇంజెక్షన్’ అన్న వాక్యం మందు మొత్తం ఇచ్చేశారని చెబుతుంది. ‘ఐ వాజ్ గివింగ్ ద ఇంజెక్షన్ వెన్ షీ ఫెయింటెడ్’ అన్న వాక్యం ఎంత మందు లోపలికి వెళ్ళిందో చెప్పదు, కనుక ఆ వెంటనే మరొక వాక్యంలో అది స్పష్టంగా రాయడం మీ బాధ్యత. అలాగే ‘ద బ్లడ్ ప్రెషర్ వాజ్ ఫాలింగ్’ అంటే మీరు చూసిన సమయానికి ఇంకా పడిపోతోందని, ‘ఫెల్’ అంటే ఆ తగ్గుదల జరిగి ఒక చోట ఆగిందని తరువాతి డ్యూటీలో వచ్చినవారు గ్రహిస్తారు. ఆ గ్రహింపు మీదే వారి తరువాతి అడుగు ఆధారపడి ఉంటుంది. నోట్స్ రాయడం ముగించాక, క్రియలను మాత్రం మరొకసారి చదువుకునే అలవాటు చేసుకోండి.

ప్రశ్న: ‘ఐ వాజ్ గోయింగ్ టు కాల్ యు’ అని ఎవరైనా అంటే, వారు ఫోన్ చేసినట్టా, చెయ్యనట్టా? (గృహిణి, ఖమ్మం)

జవాబు: చెయ్యనట్టే అనుకోవాలి. ‘మీకు ఫోన్ చేద్దామనుకుంటున్నాను, ఇంతలో మీరే చేశారు’ అని మనం అనే సందర్భానికి ఇది సరిపోతుంది. అప్పటికి ఉన్న ఉద్దేశాన్ని మాత్రమే ఈ రూపం చెబుతుంది. ‘షీ వాజ్ లీవింగ్ ఫర్ చెన్నై ద నెక్స్ట్ డే’ అన్నదీ ఇలాంటిదే. మరునాటి ప్రయాణం ఖాయమైందని తెలుస్తుంది, ఆమె నిజంగా బయలుదేరిందో లేదో తరువాతి వాక్యం చెప్పాలి.

ప్రశ్న: మా పై అధికారి ఈమెయిల్స్‌లో ‘ఐ వాజ్ వండరింగ్ ఇఫ్ యు కుడ్ సెండ్ ద రిపోర్ట్’ అని రాస్తారు. అడుగుతున్నది ఇప్పుడు కదా, పాస్ట్ కంటిన్యువస్ ఎందుకు? (బ్యాంకు ఉద్యోగి, విశాఖపట్నం)

జవాబు: మర్యాద కోసం. మనమూ ‘ఒక సాయం అడుగుదామనుకున్నానండీ’ అంటూ భూతకాలంలో మొదలుపెడతాం. అడగడం ఆ క్షణంలోనే జరుగుతోందని ఇద్దరికీ తెలుసు. కోరికను నిన్నటిదిగా చెప్పడం వల్ల ఎదుటివారి మీద ఒత్తిడి తగ్గుతుంది. ఇంగ్లీషులో కంటిన్యువస్ రూపం దానికి మరికొంత మెత్తదనం చేరుస్తుంది, ఎందుకంటే ఆ ఆలోచన ఇంకా పూర్తిగా తేలలేదన్న భావం అందులో ఉంది; అవతలివారు కుదరదని చెప్పడానికి చోటు మిగులుతుంది. ‘ఐ వాజ్ హోపింగ్’ కూడా ఇదే పని చేస్తుంది. పై అధికారులకు, పరిచయం లేనివారికి రాసేటప్పుడు మీరు కూడా ధైర్యంగా వాడండి. అయితే గడువు దాటిన బకాయిని అడిగే ఉత్తరంలో గాని, రావలసిన డబ్బును తిరిగి ఇమ్మని రాసే ఫిర్యాదులో గాని దీనిని వాడకండి. అక్కడ ‘ప్లీజ్ సెండ్ ద అమౌంట్ బై ఫ్రైడే’ అని సూటిగా రాయడమే మర్యాద, పని జరిగే మార్గం కూడా అదే.